ఎక్స్-రే ఆకాశం, 4వ పాఠం: ఎరుపంటే వేడి కాదు

పోయిన పాఠంలో ఎక్స్-రే ఫైలు నుంచి మూడు రంగుల బొమ్మ తీయమన్నాను. దానికి వచ్చిన ప్రశ్నలు చూశాక, ఈసారి అనుకున్న పాఠం పక్కన పెట్టాను.

ముందు చిన్నది. పరకాల నుంచీ జమ్మికుంట నుంచీ ఒకటే గోడు: "సార్, తెరంతా నలుపే." ఎందుకంటే ఏ శక్తి ఫోటాన్లు (కాంతి కణాలు) చూపాలో చెప్పే ఫిల్టర్‌లో 0.5 నుంచి 1.2 అని ఇచ్చారు. చంద్ర (నాసా వారి ఎక్స్-రే అంతరిక్ష టెలిస్కోపు) ఫైలులో శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది, కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో కాదు. ఎరుపుకు 500–1200, ఆకుపచ్చకు 1200–2000, నీలానికి 2000–7000 ఇవ్వండి. మసక భాగాలూ కనబడేలా వెలుగు స్కేలు లాగ్‌లో పెట్టండి, నేనైతే లీనియర్ జోలికే పోను. ఫైలు దింపుకోవడం, డీఎస్9లో (ఈ బొమ్మలు చూసే సాఫ్ట్‌వేర్) తెరవడం మళ్లీ చెప్పను.

అసలు గొడవ రంగులది. కాసియోపియా-ఎ (పేలిపోయిన ఒక నక్షత్రపు శేషం) బొమ్మ చూసి "ఎర్రగా ఉన్నచోట వేడి ఎక్కువ" అని సగం మంది రాశారు. ఎండాకాలం టీవీ మ్యాపులో రామగుండం ఎర్రగా కనబడుతుంది కదా, ఆ అలవాటు. 1999 జులైలో పైకి వెళ్లిన చంద్ర ఒక్కో ఫోటాన్‌కు రాసుకునేది ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది, ఎంత శక్తితో పడింది అన్నవే. రంగు అన్న గడే లేదు. కొత్తవాడ జంపఖానాలో ఏ పోగుకు ఏ రంగో నేసేవాళ్లు తేల్చుకున్నట్టు, ఇక్కడ తేల్చేది మనం. మనం ఎరుపు ఇచ్చింది తక్కువ శక్తికి.

"అయితే నీలమే వేడి" అని తిప్పి రాయొద్దు. అదీ తప్పే. అంచున సన్నగా మెరిసే నీలం గీత వాయువు వేడి వల్ల వచ్చింది కాదు. పేలుడు తరంగం ఎలక్ట్రాన్లను కాంతి వేగానికి దగ్గరగా తరుముతుంది, అవి అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ ఎక్స్-రేలు వదులుతాయి. లోపలి ఎర్రటి వాయువేమో చల్లనిదేం కాదు, లక్షల డిగ్రీల పైమాటే. 2017లో విడుదలైన ఇదే వస్తువు బొమ్మలోనైతే ఎరుపంటే సిలికాన్, పసుపంటే గంధకం, ఊదా అంటే ఇనుము. కాబట్టి ముందు బొమ్మ కింద రాసింది చదవండి, తర్వాతే రంగు చూడండి.

అభ్యాసం: 1700–2000 సిలికాన్‌కు, 6300–7000 ఇనుముకు విడివిడిగా బొమ్మలు తీయండి. ఇనుముకు చుక్కలు పలచగా పడతాయి, వెంటనే స్మూత్ (చుక్కల్ని కలిపి నునుపు చేసేది) నొక్కకండి. ఆగ్నేయం వైపు, అంటే బొమ్మలో కింద ఎడమ పక్క చూడండి. నక్షత్రంలో ఇనుము పుట్టేది సిలికాన్ కంటే లోపల. మరి అక్కడ ఏది బయట ఉంది? కారణంతో సహా రాసి పంపండి.