యూఎస్‌బీ పాఠాలు – 6: ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అంటే బిజీగా ఉన్నదెవరు?

పోయిన పాఠంలో లినక్స్‌లో పెన్‌డ్రైవ్‌ని ఎఫ్‌ఎస్‌సీకేతో (ఫైల్‌సిస్టమ్‌లో తప్పులు వెతికి దిద్దే కమాండ్) సరిచేయడం చూశాం. అందులో "ముందు అన్‌మౌంట్ చేసుకోండి" అన్న ఒక్క ముక్క దగ్గరే చాలామంది బండి ఆగిపోయిందని మీ ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది. ఈసారి చెబుతానన్న ఎర్రర్ -71, ఎర్రర్ -110ల సంగతి వచ్చేసారి చూద్దాం. ముందు ఈ చిక్కు తీరాలి.

మీరు రాసిన ఫిర్యాదులు మూడు రకాలు. ఒకటి: "మౌంట్ జాబితాలో పెన్‌డ్రైవ్ కనబడటం లేదు, అయినా ఈ2ఎఫ్‌ఎస్‌సీకే (ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌కి వాడే ఎఫ్‌ఎస్‌సీకే) నడిపితే ‘ఇన్ యూజ్’ అని ఆగిపోతోంది." రెండు: "పీకి మళ్లీ పెడితే డ్రైవ్ పేరు ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయి కూర్చుంది." మూడు: "ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌ మీద చెక్ నడిపాక ఫైళ్ల పేర్లన్నీ పిచ్చి అక్షరాలయ్యాయి." చూడ్డానికి వేర్వేరు జబ్బులే, మూలం మాత్రం ఒక్కటే. యూమౌంట్ (అన్‌మౌంట్ చేసే కమాండ్) "టార్గెట్ ఈజ్ బిజీ" అనగానే ఎక్కడో వెతికారు, అక్కడ దొరికిన -ఎల్ తగిలించారు, ప్రాంప్ట్ తిరిగి రాగానే పనైపోయిందనుకున్నారు.

(కొందరికి "కమాండ్ నాట్ ఫౌండ్" వచ్చిందట. యూ తర్వాత ఎన్ కొట్టకండి. యూ, ఎం, ఓ, యూ, ఎన్, టీ. అంతే.)

-ఎల్ అసలు ఏం చేస్తుంది

ఈ -ఎల్ అంటే నాకు చిరాకు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

మామూలు యూమౌంట్ రెండు పనులు చేస్తుంది. డైరెక్టరీల చెట్టు నుంచి ఆ ఫైల్‌సిస్టమ్‌ని విడదీస్తుంది. మెమరీలో మిగిలిన డేటానంతా డ్రైవ్‌ మీదకి రాసి, దాన్ని పూర్తిగా మూసేస్తుంది. ఎవరైనా వాడుతూ ఉంటే రెండూ చేయకుండా "బిజీ" అని వెనక్కి వస్తుంది. అది మొండితనం కాదు, మీ మేలు కోరే ఆగుతోంది.

లేజీ అన్‌మౌంట్, అంటే -ఎల్, మొదటి పని మాత్రం ఇప్పుడే చేస్తుంది. రెండో పనిని "వాడుతున్నవాళ్లంతా వదిలేశాక చూద్దాం" అని వాయిదా వేస్తుంది. ఇంటి ముందు నేమ్‌బోర్డు పీకేసినంత మాత్రాన లోపల అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినట్టు కాదు కదా. మౌంట్ జాబితాలో పేరుండదు, ఫైల్ మేనేజర్‌లో బొమ్మ ఉండదు. కానీ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపల ఆ ఫైల్‌సిస్టమ్ బతికే ఉంటుంది, తెరిచి ఉన్న ఫైల్లోకి రాతలు పోతూనే ఉంటాయి.

ఇప్పుడు మీ మూడు ఫిర్యాదులు చూడండి. ఈఎక్స్‌టీ4 విషయంలో ఈ2ఎఫ్‌ఎస్‌సీకే తెలివైనది. మౌంట్ జాబితాతో సరిపెట్టుకోకుండా డ్రైవ్‌ని తనొక్కదానికే కావాలని అడుగుతుంది. కెర్నెల్ ఇవ్వను అంటుంది, అందుకే "ఇన్ యూజ్". అది మీ డేటాని కాపాడింది, తిట్టకండి. ఫ్యాట్ చెక్కర్ల దగ్గర అంత భరోసా పెట్టుకోవద్దు. ఒకపక్క చెక్కర్, ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే టేబుల్‌ని సరిచేస్తుంది. ఇంకోపక్క కెర్నెల్ తన మెమరీలో ఉన్న పాత టేబుల్‌నే నిజమనుకుని, కాసేపటికి దాన్ని తెచ్చి పైన రాసేస్తుంది. పిచ్చి అక్షరాలు అక్కడివే.

ఎస్‌డీసీ సంగతీ అంతే. పాత ఎస్‌డీబీని ఎవరో ఇంకా పట్టుకుని ఉన్నారు కాబట్టి కెర్నెల్ ఆ పేరుని ఖాళీ చేయలేదు. మళ్లీ పెట్టిన డ్రైవ్‌కి తర్వాతి అక్షరం ఇచ్చింది. డీమెసెజ్‌లో (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) ఎస్‌డీబీ1 పేరుతో "బఫర్ ఐ/ఓ ఎర్రర్" వరుసలు కనిపిస్తే, అవి మీరు పీకేసిన డ్రైవ్ కోసం పడుతున్న పాట్లు. కొత్తగా పెట్టినదానికి వాటితో సంబంధం లేదు. అవి చూసి పెన్‌డ్రైవ్ పోయిందని పారేయకండి.

లేజీగా తీసిన ఈఎక్స్‌టీ4 నిజంగా మూతపడిందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే కిటుకు: /సిస్/ఎఫ్‌ఎస్/ఈఎక్స్‌టీ4/ డైరెక్టరీని ఎల్‌ఎస్ చేయండి. అక్కడ ఎస్‌డీబీ1 అన్న పేరు కనిపిస్తున్నంతసేపూ ఆ ఫైల్‌సిస్టమ్ బతికే ఉంది. మౌంట్ ఏం చెప్పినా సరే, ఈ మాటే నమ్మండి.

మరి -ఎల్ ఎందుకు పెట్టారంటారా? నెట్‌వర్క్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ (ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంచుకునే పద్ధతి) సర్వర్ పడిపోయి, ఇటు మీ మెషీన్ షట్‌డౌన్‌ కాకుండా వేలాడుతున్నప్పుడు దాని అవసరం ఉంది. పెన్‌డ్రైవ్‌కి లేదు. -ఎఫ్ కూడా అంతే, లినక్స్‌లో అది ప్రధానంగా అందకుండా పోయిన ఎన్‌ఎఫ్‌ఎస్ కోసం పెట్టింది. ఎదురుగా ఉన్న పెన్‌డ్రైవ్ మీద దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పట్టుకున్నదెవరో పట్టుకోవడం

తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ చాలామందికి ఇష్టం. నాకు దాని చాంతాడంత అవుట్‌పుట్ నచ్చదు. నేను ఎఫ్‌యూజర్ వాడతాను (పెన్‌డ్రైవ్‌ని /ఎంఎన్‌టీ/పెన్ మీద మౌంట్ చేశారనుకుందాం):

సుడో ఎఫ్‌యూజర్ -వీఎం /ఎంఎన్‌టీ/పెన్

సుడో మర్చిపోకండి. లేకపోతే మీ సొంత ప్రాసెస్‌లే కనబడి, "ఎవరూ లేరే!" అని తల పట్టుకుంటారు. వచ్చే జాబితాలో మొదటి వరుసలో యూజర్ రూట్ అని, పీఐడీ (ప్రాసెస్ నంబరు) చోట కెర్నెల్ అని, పక్కన మౌంట్ అని ఉంటుంది. అది చూసి "కెర్నెలే పట్టుకుందండీ" అని రాశారు ఒకరు. ఆ వరుస ఎప్పుడూ ఉంటుంది, మౌంట్ అయి ఉందని చెప్పడమే దాని పని. దాని కింది వరుసలు చూడాలి.

యాక్సెస్ అన్న నిలువు వరుసలో చుక్కల మధ్య ఒకటో రెండో అక్షరాలుంటాయి. సీ అంటే ఆ ప్రాసెస్ అక్కడి డైరెక్టరీలో నిలబడి ఉంది. చిన్న ఎఫ్ అంటే ఫైల్ తెరిచి ఉంది. పెద్ద ఎఫ్ అంటే రాయడానికి తెరిచి ఉంది, ఇక్కడ తొందరపడితే డేటా పోతుంది. ‘ఈ’ అన్న అక్షరం ఉంటే పెన్‌డ్రైవ్ మీది ప్రోగ్రామే నడుస్తోంది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు తేలేది సీ, పక్కన బ్యాష్. అంటే మీరే. ఏ టెర్మినల్‌లోనో సీడీ చేసి లోపలికి వెళ్లారు, అక్కడే కూర్చుని యూమౌంట్ అంటున్నారు. సీడీ అని కొట్టి ఎంటర్ నొక్కండి, ఇంటికొచ్చేస్తారు. ఆ ట్యాబ్‌లోనే కాదు, వెనక మరుగున పడిన ట్యాబ్‌లు కూడా చూడండి. తర్వాతి స్థానం పాజ్‌లో పెట్టిన వీడియో ప్లేయర్‌ది, ఫొటోలకు చిన్నబొమ్మలు తయారుచేసే ప్రాసెస్‌లది. గ్నోమ్‌లో ట్రాకర్ (కొత్త వెర్షన్లలో పేరు లోకల్‌సెర్చ్), కేడీఈలో బాలూ వెనకాల ఫైళ్లను చదివి సూచిక కట్టుకుంటాయి. వాటికి కాసేపు టైమిస్తే అవే వదిలేస్తాయి. ఎడిటర్లలో తేడా ఉంది. నానో ఫైల్‌ని చదివి మూసేస్తుంది. విమ్ మాత్రం పక్కనే ఒక స్వాప్ ఫైల్ తెరిచి పెట్టుకుంటుంది.

ఇక్కడొక పెద్ద గొయ్యి ఉంది. -కే తగిలిస్తే ఎఫ్‌యూజర్ దొరికిన ప్రాసెస్‌లన్నిటినీ చంపేస్తుంది. ఎవరో -ఎల్ కొట్టేశాక, "ఇంకా వదల్లేదు" అని సుడో ఎఫ్‌యూజర్ -కేఎం /ఎంఎన్‌టీ/పెన్ కొట్టారనుకోండి. అప్పటికి /ఎంఎన్‌టీ/పెన్ మీద పెన్‌డ్రైవ్ లేదు. అది మీ రూట్ ఫైల్‌సిస్టమ్‌లో ఒక ఉత్త డైరెక్టరీ. చిన్న -ఎం అంటే "ఈ దారి ఉన్న ఫైల్‌సిస్టమ్ మొత్తం" అని అర్థం. అంటే సిస్టమ్ అంతా. డెస్క్‌టాప్‌తో సహా అన్నీ టపటపా రాలిపోతాయి. -కే వాడక తప్పదనుకుంటే పెద్ద -ఎం కూడా కలపండి. ఆ దారి నిజంగా మౌంట్ పాయింట్ అయితేనే ముందుకెళ్తుంది, కాకపోతే ఆగిపోతుంది. నేనైతే -కే జోలికే పోను. పీఐడీ చూసి ఒక్కొక్కదాన్నీ కిల్ చేస్తాను.

జాబితాలో ఎవరూ లేకపోతే

సుడోతో చూసినా కెర్నెల్ మౌంట్ వరుస తప్ప ఏమీ లేదు, అయినా బిజీ అంటోంది. అప్పుడు పట్టుకున్నది ప్రాసెస్ కాదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఐఎస్‌ఓ (డిస్క్ ఇమేజ్) ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిచారా? అది లూప్ డివైస్‌గా (ఫైల్‌నే డ్రైవ్‌లా చూపే ఏర్పాటు) మౌంట్ అయి ఉంటుంది. లాస్‌సెటప్ -ఏ (ఎల్, ఓ, ఎస్, ఈ, టీ, యూ, పీ) కొడితే ఏ ఫైల్ ఏ లూప్‌కి కట్టి ఉందో చూపిస్తుంది. ముందు ఆ ఐఎస్‌ఓని యూమౌంట్ చేయండి. పెన్‌డ్రైవ్ లోపలి డైరెక్టరీ మీద ఇంకోటి మౌంట్ అయి ఉంటే ఫైండ్‌ఎంఎన్‌టీ -ఆర్ (పెద్ద ఆర్) చూపిస్తుంది. స్వాప్ ఫైల్ పెట్టుకున్నవాళ్లు స్వాపాన్ --షో చూడండి.

యూమౌంట్ కొడితే ప్రాంప్ట్ రావడం లేదు

ఇది బిజీ కాదు, రాస్తోంది. కాపీ వంద శాతం అని చూపించినప్పుడు డేటా చేరింది ర్యామ్‌లోకి. అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా అలా పేరుకోనివ్వడం లినక్స్‌లో మామూలు సెట్టింగ్, వీఎం.డర్టీ_రేషియో దాని పేరు. 8 జీబీ ఖాళీగా ఉంటే 1.6 జీబీ. మీ చౌక పెన్‌డ్రైవ్ సెకనుకి 8 ఎంబీ రాస్తుందనుకుంటే 200 సెకన్లు, మూడు నిమిషాల పైమాటే. ఇంకో టెర్మినల్‌లో /ప్రాక్/మెమ్‌ఇన్ఫోలో డర్టీ, రైట్‌బ్యాక్ అన్న రెండు వరుసలు చూస్తూ ఉండండి. అంకెలు తగ్గుతుంటే టీ తాగి రండి. ఈలోగా మౌంట్ జాబితాలోంచి పేరు పోయినా సరే, ప్రాంప్ట్ వచ్చేదాకా డ్రైవ్ మీద చెయ్యి వేయొద్దు.

ప్రాంప్ట్ వచ్చాక పెన్‌డ్రైవ్ పీకేయొచ్చు. తిరిగే హార్డ్‌డిస్క్ అయితే యుడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ -బీ /డెవ్/ఎస్‌డీబీ కొట్టి, లోపలి చప్పుడు ఆగాకే తీయండి.

ఫ్రీబీఎస్‌డీ వాళ్లకి: మీ దగ్గర డ్రైవ్ పేరు డీఏ0 తరహాలో ఉంటుంది, పట్టుకున్నవాళ్లని ఎఫ్‌స్టాట్ -ఎఫ్ /ఎంఎన్‌టీ చూపిస్తుంది. మీ -ఎఫ్ అన్‌మౌంట్ నిజంగానే బలవంతం చేస్తుంది, లినక్స్ అలవాటుతో కొట్టకండి. మ్యాక్‌ఓఎస్‌లో ఎక్కువసార్లు ఎండీఎస్ అన్న పేరు తేలుతుంది, అది స్పాట్‌లైట్. డిస్క్‌యుటిల్ అన్‌మౌంట్‌డిస్క్‌తో తీస్తే సాధారణంగా గొడవ ఉండదు.

అభ్యాసం

పోయినా పర్లేదనుకునే పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, ఈఎక్స్‌టీ4 చేసి, /ఎంఎన్‌టీ/పెన్ మీద మౌంట్ చేయండి. ఒక టెర్మినల్‌లో దాని లోపలికి సీడీ అవ్వండి. ఇంకోదాంట్లో అందులోని ఫైల్‌ని లెస్‌తో తెరవండి. మూడోదాంట్లో విమ్. ఒక ఐఎస్‌ఓని అందులోకి కాపీ చేసి, అక్కడి నుంచే మౌంట్ చేయండి. ఇప్పుడు నాలుగో టెర్మినల్‌లో కూర్చుని, ఏ కిటికీ వైపూ చూడకుండా, ఎవరెవరు ఎలా పట్టుకున్నారో యాక్సెస్ అక్షరంతో సహా కాగితం మీద రాయండి. ఒక్కొక్కటి వదిలిస్తూ, ప్రతిసారీ మామూలు యూమౌంట్ ప్రయత్నించండి.

అది కుదిరాక రెండో దఫా. మళ్లీ మౌంట్ చేసి, లెస్ ఒక్కటే తెరిచి ఉంచి, ఈసారి కావాలనే -ఎల్ కొట్టండి. ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎన్ ఏమంటుందో చూడండి, /సిస్/ఎఫ్‌ఎస్/ఈఎక్స్‌టీ4/లో పేరు ఉందో లేదో చూడండి. లెస్ మూసి, రెండూ మళ్లీ చూడండి. లెస్ బదులు ఐఎస్‌ఓ మౌంట్‌తో ఇదే చేస్తే పేరు ఎప్పుడు పోతుందో ముందుగా ఊహించి రాసుకుని, ఆ తర్వాతే చేసి చూడండి. మీ ఊహ, వచ్చిన ఫలితం రెండూ నాకు రాయండి, తేడా ఉంటే మరీ ముఖ్యంగా.