బెంగళూరుకు కొత్తగా వచ్చినవాళ్లకు: ఎనిమిది మంది కలిసి కొండల్లో జింకల క్యాంపు

బెంగళూరులో ఉద్యోగం కుదిరి, పీజీలో మంచం దొరికి, మొదటి జీతం పడేసరికి ఎవరో ఒకరు మొదలుపెడతారు: "ఒక టీటీ మాట్లాడుకుని అందరం అడవికి పోదాం, టెంట్లు వేసుకుందాం, జింకల్ని చూద్దాం." టీటీ అంటే ఇక్కడ టెంపో ట్రావెలర్. ఆ మాట కొన్ని వారాలు వాట్సాప్ గ్రూపులో తిరిగి చల్లారిపోతుంది. లేదా ఏర్పాట్లు లేకుండానే బయల్దేరి చెక్‌పోస్టు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. మారతహళ్లిలో, బీటీఎంలో, వైట్‌ఫీల్డ్‌లో ఉండే మన పిల్లలకు ఇలాంటి క్యాంపులు ఏర్పాటు చేసిపెడుతూ నేను తెలుసుకున్నది ఒకటే. అడవిలో క్యాంపు బాగా జరగాలంటే తక్కువ మంది వెళ్లాలి, ఒక్క చోటే ఉండాలి, కదలకుండా కూర్చోవాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ దాని కోసమే.

ముందుగా వేట సంగతి తేల్చుకుందాం. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా ఆ మాట ఎత్తుతారు. తాతల కాలం నాటి వేట కథలు విని పెరిగినవాళ్లం, అందులో వింతేమీ లేదు. పైగా అమెరికాలో ఉన్న బంధువులు నారింజ రంగు జాకెట్లు వేసుకుని జింకల వేటకు వెళ్లిన ఫొటోలు పంపుతుంటారు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది, సీజన్ పెడుతుంది, ఎన్ని కొట్టవచ్చో కూడా చెబుతుంది. మన దగ్గర సరదా వేటకు లైసెన్సు అనేదే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు, ఉచ్చు వెయ్యడం, తరమడం, ఎర పెట్టడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. అభయారణ్యంలో వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు, దాంతోపాటు జరిమానా. అడవి మాంసం కొన్నా తిన్నా కేసే. ఊరి హోటల్లో ఎవరైనా గుసగుసగా "కాడు హంది ఇదె" అంటే, అంటే అడవి పంది ఉందంటే, నమస్కారం పెట్టి లేచి వచ్చెయ్యండి.

ఇక్కడ కొత్తవాళ్లకు తెలియని సంగతులు రెండున్నాయి. ఒకటి, రాలిన కొమ్ము. మగ దుప్పి ఏటా కొమ్ములు రాలుస్తుంది, మళ్లీ కొత్తవి మొలుస్తాయి. బాటలో రాలిన కొమ్ము కనిపిస్తే ముచ్చటపడి బ్యాగులో వేసుకోవద్దు. జంతువును ఎవరూ చంపకపోయినా ఆ కొమ్ము ప్రభుత్వానిదే. చెక్‌పోస్టులో బ్యాగు తెరిపిస్తే క్యాంపు అక్కడితో ముగుస్తుంది. రెండు, కొడగు (కూర్గ్) తుపాకులు. అక్కడి కొడవ జాతివాళ్లకు ఆయుధాల చట్టం నుంచి ప్రత్యేక మినహాయింపు ఉంది, దాన్ని 2029 వరకు పొడిగించారు. వాళ్లకు తుపాకి పూజించుకునే వస్తువు. సెప్టెంబరులో కైల్‌పోద్ పండుగ నాడు ఆయుధాలకు పూజ చేస్తారు. ఎస్టేట్ హోమ్‌స్టే గోడ మీద తుపాకి చూసి "అంకుల్, ఒకసారి వేటకు తీసుకెళ్తారా" అని అడగడం ఆ ఇంటివాళ్లను ఇబ్బంది పెట్టడమే.

ఇక చోటు. పులుల అభయారణ్యం లోపల మన టెంటు మనం వేసుకోవడం కుదరదు. సొంత టెంటే కావాలంటే సకలేశపుర, చిక్కమగళూరు, కొడగు వైపు కాఫీ ఎస్టేట్లలో యజమాని అనుమతితో వేసుకోవచ్చు. చలిమంట, పాటలు, వంట అన్నీ అక్కడ కుదురుతాయి గానీ జింకలు కనపడటం అదృష్టం. ఆ ఎస్టేట్లలో ఏనుగులు తిరుగుతాయి కాబట్టి చీకటి పడ్డాక గేటు దాటి నడవవద్దు. నిజంగా జింకల కోసమే వెళ్తుంటే కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ నడిపే క్యాంపుల్లో ఒకటి బుక్ చేసుకోండి. బందీపూర్, కబిని పేర్లు అందరికీ తెలుసు. నా ఓటు మాత్రం బిళిగిరిరంగన బెట్టలో (బీఆర్ హిల్స్; కన్నడంలో బెట్ట అంటే కొండ) ఉన్న కె.గుడికి. కె.గుడి అంటే క్యాతదేవరాయన గుడి. టెంట్ గదులు, భోజనం, సఫారీ ఒకే ప్యాకేజీలో వస్తాయి, వంట గొడవ ఉండదు. గది కిరాయి ఎక్కువని అనిపించవచ్చు. విడిగా సఫారీ, భోజనం, టెంట్ల అద్దె కలిపి చూస్తే పెద్ద తేడా ఉండదు.

బెట్ట గురించి కాస్త చెప్పాలి. తూర్పు కనుమలు, పడమటి కనుమలు కలిసే చోటు ఇది. 2011లో పులుల అభయారణ్యం అయింది. ఇక్కడ తరతరాలుగా ఉన్నవాళ్లు సోలిగలు అనే గిరిజనులు. కొండ మీది రంగనాథస్వామి తమ ఆడపడుచు కుసుమాలెను పెళ్లాడాడని, అందుకే తమకు బావ అవుతాడని చెప్పుకుంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన కథ తెలిసిన మనకు వేరే వివరించనక్కర్లేదు. అదే 2011లో అటవీ హక్కుల చట్టం కింద వాళ్లకు సామూహిక హక్కులు కూడా వచ్చాయి. ఆ అడవి వాళ్ల ఇల్లు, మనం రెండు రోజుల చుట్టాలం. గైడుగా సోలిగ మనిషి దొరికితే ప్రశ్నలు అడగండి, చెప్పింది వినండి. వాళ్ల సహకార సంఘం అమ్మే తేనె ఒక సీసా కొనుక్కోండి.

ఒక్క రోజే సెలవు దొరికిందా, తుమకూరు జిల్లా మధుగిరి దగ్గర మైదనహళ్లిలో జయమంగలి కృష్ణజింకల రిజర్వు ఉంది. హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు మరీ దగ్గర. కొండ కాదు, గడ్డి మైదానం. మన ఆంధ్ర రాష్ట్ర జంతువును వందల కొద్దీ చూడాలంటే చక్కటి చోటు.

ఇప్పుడు మనుషులు. పదిమంది చేరితే పాము చావదని ఊరికే అనలేదు. ఒక్కరు పెద్దరికం తీసుకోవాలి, ఆ ఒక్కరి మాటే చెల్లుతుందని బయల్దేరకముందే గ్రూపులో అందరూ ఒప్పుకోవాలి. పన్నెండు సీట్ల బండి ఉంది కదా అని పన్నెండు మందిని నింపకండి. సామాన్లకు చోటుండదు, అడవిలో అంతమందిని నోరు మూసుకోమనడం ఎవరి తరమూ కాదు. ఎనిమిది మంది చాలు. డబ్బు ముందే వసూలు చెయ్యండి, "వచ్చాక ఇస్తా" అన్నవాళ్లను లెక్కలోకి తీసుకోకండి. ఆఖరి వారంలో మానుకున్నవాళ్లకు డబ్బు వెనక్కి వస్తుందా రాదా అన్నది మొదటిరోజే రాసిపెట్టండి. స్నేహాలు చెడేది ఇక్కడే. అందరి ఆధార్ కాపీలు ఒకరి దగ్గర, ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్ల వివరాలు పెద్ద దగ్గర ఉండాలి. మద్యం విషయం కూడా ముందే తేల్చుకోండి. అడవి క్యాంపుకు మందు తేవద్దన్నదే నా మాట. తాగినవాళ్ల గొంతు పెరుగుతుంది, రాత్రిపూట బయటికి నడవాలనిపిస్తుంది, ఆ రెండూ అక్కడ ప్రమాదం.

బండి మాట్లాడేటప్పుడు ఇక్కడి లెక్క వేరు. కిలోమీటర్ రేటు, రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని ఒక లెక్క, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ అన్నీ విడివిడిగా ఉంటాయి. కిలోమీటర్లు మీరు ఎక్కిన చోటు నుంచి కాదు, గ్యారేజ్ నుంచి గ్యారేజ్ దాకా లెక్కపెడతారు. ఎక్కగానే మీటర్ రీడింగ్ ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. తెలిసినవాళ్ల తెల్ల బోర్డు (తెల్ల నంబర్ ప్లేటున్న సొంత) బండి చౌకగా వస్తుందని వెళ్లకండి. కిరాయికి తిరిగేది ఎల్లో బోర్డే అయ్యుండాలి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కులొస్తాయి. డ్రైవర్‌కు పడుకునే చోటు, భోజనం ఏర్పాటు మీ బాధ్యత. రాత్రంతా సీట్లో ముడుచుకుని పడుకున్న మనిషి చేత పొద్దున్నే ఘాట్ రోడ్డు ఎక్కించవద్దు. బైకుల మీద వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీద 2023 ఆగస్టు నుంచి టూవీలర్లకు ప్రవేశం లేదు, పక్కనున్న సర్వీస్ రోడ్డు పట్టుకోవాలి.

కె.గుడికి కనకపుర, మళవళ్లి, కొళ్లేగాల, యళందూరు మీదుగా దారి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరదాం అనుకుంటే సిల్క్ బోర్డు జంక్షన్ దాటేసరికే రాత్రవుతుంది. శనివారం తెల్లవారుజామున 5కి కదలండి. అడవి చెక్‌పోస్టులు చీకటి పడితే మూసేస్తారు. బందీపూర్ మీదుగా వెళ్లే హైవేల మీద అయితే రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మామూలు వాహనాలను వదలరు. 2009 నుంచీ ఇదే పద్ధతి. రాత్రిపూట బండ్ల కింద పడి చచ్చిన జంతువుల లెక్క చూశాకే ఆ నిర్ణయం వచ్చింది, కాబట్టి గేటు దగ్గర వాదనకు దిగకండి. నీలగిరి జిల్లాలోని మసినగుడి వైపు వెళ్తే బండికి తమిళనాడులో తిరిగే పర్మిట్ ఉండాలి, ఆ జిల్లాకు 2024 మే నుంచి ఈ-పాస్ కూడా తీసుకోవాలి.

కాలం సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, జలగలు. వానల తర్వాత అడవి పచ్చగా కళకళలాడుతుంది గానీ పొదలు దట్టంగా ఉండి జంతువులు కనపడవు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆకు రాలి చూపు ఆనుతుంది, నీటి కుంటల దగ్గరికి జింకలు వస్తాయి. రాత్రి చలి గట్టిగానే ఉంటుంది, స్వెట్టర్ లేకుండా రావద్దు. అదే కాలంలో ఎండిన వెదురు, లాంటానా పొదలు నిప్పురవ్వ తగిలితే చాలు అంటుకుంటాయి. 2019 ఫిబ్రవరిలో బందీపూర్‌లో వేల ఎకరాలు కాలిపోయాయి. సిగరెట్లు, అగ్గిపెట్టెలు బండిలోనే వదిలెయ్యండి. శివమొగ్గ, చిక్కమగళూరు వైపు కొండల్లో డిసెంబరు నుంచి మే దాకా పిడుదు పురుగుల ద్వారా కోతి జ్వరం వస్తుంది. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట గుర్తించారు కాబట్టి దానికి ఆ అడవి పేరే పెట్టారు. నిండు చేతుల చొక్కా, సాక్సుల్లోకి దోపిన ప్యాంటు, రాగానే వేడినీళ్ల స్నానం అలవాటు చేసుకోండి. తిరిగొచ్చాక గట్టి జ్వరం వస్తే డాక్టరుకు అడవికి వెళ్లొచ్చిన సంగతి తప్పక చెప్పండి.

ఇక అసలు పని. పొద్దున సఫారీ జీపు ఏదో మలుపులో ఆగుతుంది. డ్రైవర్ ఇంజన్ ఆపేస్తాడు. మొదట మీకేమీ కనిపించదు: లాంటానా పొదలు, వెదుళ్లు, మంచు. అప్పుడే "ఏమీ లేదు, పోనివ్వన్నా" అనకండి. రెండు నిమిషాలు కదలకుండా చూస్తే పొద అంచున ఒక చెవి ఆడుతుంది. ఆ చెవి వెంటే మెడ, వీపు మీద తెల్ల చుక్కలు, దాని వెనక ఇంకో నాలుగు చుక్కల దుప్పులు బయటపడతాయి. పైన చెట్టు మీద కొండముచ్చులు తిని పారేసిన ఆకుల కోసం అవి కింద చేరతాయి. ఉన్నట్టుండి ఒక దుప్పి తల ఎత్తి, తోక నిక్కబొడిచి, ముందుకాలితో నేలను టపటప తట్టిందనుకోండి, అందరూ ఊపిరి బిగబట్టండి. అది దేన్నో పసిగట్టింది. వెంటనే సన్నగా కీచుమని హెచ్చరిక వినిపిస్తుంది, కొండముచ్చు పైనుంచి అందుకుంటుంది. దుప్పి ఒక్కోసారి ఉత్తుత్తికే బెదురుతుంది. కణితి (సాంబార్ జింక) అరిచిందంటే మాత్రం ఇక్కడి గైడ్లు అటే జీపు తిప్పుతారు. కన్నడంలో దాన్ని కడవె అంటారు. "కడవె కాల్" అన్న మాట వినపడితే పులో చిరుతో దగ్గర్లోనే ఉండొచ్చు.

ఇవన్నీ చూసే భాగ్యం ఎనిమిది మందిలో ఒక్కరు అరిచినా పోతుంది. అందుకే జీపు ఎక్కేముందు పెద్ద అందరి ఫోన్లూ సైలెంట్‌లో పెట్టించాలి, ఫ్లాష్ ఆపించాలి. చేత్తో చూపించడమే తప్ప మాట ఉండకూడదు. పౌడర్లు, సెంట్లు, ఎర్ర చొక్కాలు వద్దు. బిస్కెట్టు విసిరి దగ్గరికి పిలవడం అసలే వద్దు. మనిషి చేతి తిండికి అలవాటుపడిన జింక రోడ్డు మీదకొచ్చి చస్తుంది.

సాయంత్రం క్యాంపు ఆవరణలోకే దుప్పులు, అడవి పందులు మేతకు వస్తుంటాయి. మనుషులున్న చోటికి పులి సులభంగా రాదని వాటికి తెలుసు. అప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోండి. ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి రండి, యూపీఐని నమ్ముకోకుండా కొంత నగదు దగ్గర పెట్టుకోండి. ఇంటినుంచి పులిహోర, చపాతీలు తెచ్చుకుంటే దారిలోనే తినెయ్యండి. పొట్లాల కాగితాలు, ప్లాస్టిక్ అంతా ఒక సంచిలో కట్టి బెంగళూరుకు వెనక్కి తీసుకురండి. గదిలో తిండి పెట్టుకుని తలుపు తెరిచి వదిలితే కోతులు సామానంతా చిందరవందర చేస్తాయి.

ఆదివారం పొద్దున సఫారీ, టిఫిన్ అయ్యాక ఆలస్యం చెయ్యకుండా బయల్దేరండి. దొడ్డ సంపిగె (పెద్ద సంపెంగ) చెట్టుకు దారి తెరిచి ఉందేమో అడగండి. అది సోలిగలు దేవుడిగా కొలిచే చెట్టు. కొళ్లేగాలలో రాగిముద్ద, సారు తిని మధ్యాహ్నం రెండింటికల్లా కనకపుర రోడ్డు ఎక్కితే సాయంత్రం వీకెండ్ రద్దీకి ముందే ఊళ్లోకి వస్తారు. లెక్కలు బండిలోనే తేల్చెయ్యండి. ఎవరెంత ఇచ్చారు, ఎంత మిగిలింది, డ్రైవర్‌కు ఎంత ఇవ్వాలి అన్నది మొదటి మనిషి దిగేలోపే గ్రూపులో పెట్టి, మిగిలిన డబ్బు అప్పటికప్పుడే పంచెయ్యండి.