విజయనగరంలో ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతపు జంటగా పని మొదలుపెట్టడం

ఇద్దరు మిత్రులు కలిసి ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతాన్ని వృత్తిగా చేసుకోదలిస్తే, ఏ ల్యాప్‌టాప్ కొనాలనే చర్చకు ముందే ఎవరు ఏ పనికి బాధ్యులో తేల్చుకోవాలి. ఒకరు బీటూ బేసూ కట్టడం, మరొకరు స్వరాలూ మిక్సింగూ చూసుకోవడం తరచుగా కనిపించే పంపకమే. అయితే ట్రాక్ పూర్తయిందనే చివరి మాట ఎవరిదో నిర్ణయించుకోకపోతే సగం కట్టిన ట్రాకులే పేరుకుపోతాయి. మొదలుపెట్టినవారు కాక రెండోవారు ఆ మాట చెప్పాలనే నియమం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తాను కట్టినదాన్ని తానే కత్తిరించడానికి ఎవరికీ చేయి రాదు.

మన జిల్లాల్లో డీజే అనగానే పెళ్లి ఊరేగింపులోనో వినాయక నిమజ్జనంలోనో వాహనం మీద సౌండు బాక్సులు పేర్చి సినిమా పాటలు మోగించేవారే గుర్తుకొస్తారు. ఆ పనిని చిన్నచూపు చూడనక్కరలేదు. చేతికి డబ్బు వస్తుంది, ఏ వేగానికి జనం కాలు కదుపుతారో కళ్లారా తెలుస్తుంది. కానీ వృత్తి నిలబడేది సొంత ట్రాకుల మీదనే.

పేరు పెట్టుకునే ముందు వెతకండి. ఇంగ్లండ్‌కు చెందిన కెమికల్ బ్రదర్స్ జంట మొదట డస్ట్ బ్రదర్స్ అనే పేరుతో పనిచేసి, అది అప్పటికే అమెరికాలోని ఇద్దరు సంగీత నిర్మాతలది కావడంతో 1995లో పేరు మార్చుకోవలసి వచ్చింది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వినోద సేవలకు 41వ తరగతి, రికార్డింగులకు 9వ తరగతి చూస్తే సరిపోతుంది.

ఇక ధ్వని విషయం. ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలో ఒక రకమైన హౌస్ నిమిషానికి సుమారు 120 నుంచి 130 బీట్ల వేగంతో నడుస్తుంది, ఆ మూసలో ట్రాకులు ప్రపంచమంతా చేస్తున్నారు. ఉత్తరాంధ్ర జంటకు దగ్గరలోనే తప్పెటగుళ్ళు ఉన్నాయి. ఛాతీకి కట్టుకున్న గుండ్రని లోహపు వాద్యాన్ని రెండు చేతులతో మోగిస్తూ, కాళ్ల గజ్జెలతో గంతులు వేస్తూ పాడే ఈ కళలో లయ క్రమంగా వేగం పుంజుకుంటుంది. రికార్డు చేసినదాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఒకే టెంపోకు బలవంతంగా సాగదీస్తే ఆ ఊపంతా పోతుంది. అందుచేత ముందు తప్పెటల ప్రకారం టెంపో మ్యాప్, అంటే వేగం ఎక్కడెక్కడ ఎంత మారుతుందో చూపే పటం గీసుకొని, ట్రాకుకు దెబ్బ వేసే కిక్ డ్రమ్ము దానిని అనుసరించేలా కట్టాలి. తప్పెటకు ఒక మైకు, గజ్జెలకు నేలకు దగ్గరగా మరొక మైకు పెట్టండి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రద్దీలో మైకులోకి జనం గోలే ఎక్కువ వస్తుంది కనుక, బృందం ఉండే ఊరికే వెళ్లి రికార్డు చేయడం మంచిది. కళాకారులకు పారితోషికం ఇవ్వడమే కాక రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, ఎందుకంటే 1957 కాపీరైట్ చట్టం ప్రదర్శకులకు 50 ఏళ్లపాటు సొంత హక్కులు ఇస్తోంది.

మొదటి ట్రాకు విడుదలకు ముందే మీ ఇద్దరి మధ్య కూడా ఒప్పందం రాసుకోండి. భాగస్వాములు వేరే ఏమీ రాసుకోకపోతే లాభనష్టాలు సమానమని 1932 భాగస్వామ్య చట్టం చెబుతుంది. ఒకరు రాత్రంతా కూర్చొని, మరొకరు ఆదివారాలు మాత్రమే వచ్చినా అంతే. బాణీ హక్కు, రికార్డింగు హక్కు వేర్వేరు కనుక రెండింటికీ వాటాలు విడివిడిగా రాయాలి. ఒకరు తప్పుకుంటే పేరు ఎవరిదన్నది అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడగవలసిందే. తిరుపతి వెంకట కవులనే జంట కవుల్లో తిరుపతి శాస్త్రి మరణించాక కూడా చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి జంట పేరుతోనే రచనలు ప్రకటించారు. అంతటి మమకారం అందరిలో ఉంటుందని అనుకోలేము.

విడుదలకు, అంటే ట్రాకును స్ట్రీమింగ్ వేదికలకు చేర్చడానికి, ఒక డిస్ట్రిబ్యూటర్ చాలు. ప్రతి రికార్డింగుకు దాన్ని గుర్తించే అంతర్జాతీయ ఐఎస్ఆర్‌సీ సంఖ్య వచ్చిందో లేదో చూసుకొని, స్వరకర్తలుగా ఇద్దరూ స్వరకర్తల, రచయితల రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యులు కండి. స్పాటిఫైలో గత 12 నెలల్లో 1,000 సార్లు వినబడని ట్రాకుకు రాయల్టీ రాదు కనుక, మొదట్లో ఆ ఆదాయం మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రదర్శన ఒప్పుకునేటప్పుడు సమయం గమనించాలి. 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు, కాబట్టి మీ ఉత్తమమైన ట్రాకును చివరికి దాచుకుంటే అది మోగకుండానే పోవచ్చు. 100 డెసిబెల్‌ల దగ్గర చెవికి సురక్షితమైన వ్యవధి సుమారు 15 నిమిషాలే. ఇద్దరికీ ఇయర్‌ప్లగ్‌ల ఖర్చును పరికరాల ఖర్చులోనే కలిపి లెక్క వేసుకోండి.