తొలి పియానో రిసైటల్‌కు సిద్ధం కావడం ఎలా: రొమాంటిక్ కృతులు, ట్రాన్స్‌క్రిప్షన్‌లు

రొమాంటిక్ యుగపు కృతులతో, ట్రాన్స్‌క్రిప్షన్‌లతో (అంటే పాటలకు, ఆర్కెస్ట్రా కృతులకు చేసిన పియానో రూపాలతో) తొలి రిసైటల్, అంటే ఒక్కరే వాయించే కచేరీ, ఇవ్వదలచిన పియానిస్టు సాధనకు కూర్చునే ముందు కార్యక్రమాన్ని కూర్చుకోవాలి. తనకు వచ్చిన వాటిలో కష్టమైనవన్నీ ఏరి వరుసగా పేర్చితే అది పోటీకి పనికివస్తుందేమో గాని కచేరీకి పనికిరాదు. గంట దాటిన తరువాత, అలసిన చేతులతో, అలవాటులేని పియానో మీద కూడా ఏ కృతిలోని మెలొడీని గొంతుతో పాడినట్టు వినిపించగలరో ఆ కృతినే ఎంచుకోవాలి. మిగతావి ఎంత గొప్పవైనా రెండో కచేరీ దాకా ఆగగలవు.

ఒక నమూనా చూద్దాం. మొదటి భాగంలో షూమన్ 1838లో రాసిన కిండర్‌త్సేనెన్‌లోని 13 చిన్న కృతులు, ఆ తరువాత షూబెర్ట్ పాట 'గ్రెట్షెన్ ఆమ్ స్పిన్‌రాడె'కు స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ చేసిన ట్రాన్స్‌క్రిప్షన్, చివర షోపాన్ జి మైనర్ బల్లాడ్ ఉంచవచ్చు. ఇవి మొత్తం 32 నిమిషాల దాకా వస్తాయి. విరామం తరువాత బ్రామ్స్ ఓపస్ (కృతి సంఖ్య) 118లోని ఆరు కృతులు, షూమన్ పాట 'విడ్మూంగ్'కు లిస్ట్ రూపం, చివర వాగ్నర్ ఒపెరాలోని ఇజోల్డె మరణగీతం 'లీబెస్టోడ్'కు లిస్ట్ రూపం పెడితే మరో 35 నిమిషాలు. చప్పట్లు, విరామం కలుపుకుంటే ఇది గంటన్నర సాయంత్రం, తొలి కచేరీకి అంతకుమించి అక్కరలేదు. ఈ వరుసలో ఒక అంతస్సూత్రం కూడా ఉంది. బ్రామ్స్ ఓపస్ 118ను షూమన్ భార్య క్లారాకు అంకితమిచ్చాడు. విడ్మూంగ్ పాట 1840లో షూమన్ పెళ్లికానుకగా ఆమెకిచ్చిన పాటల సంపుటిలోనిది. ఇటువంటి సంబంధం శ్రోతకు చెప్పకపోయినా ఫరవాలేదు గాని, వాయించేవారికి తెలిసి ఉండాలి. కిండర్‌త్సేనెన్‌తో మొదలుపెట్టడానికి మరో కారణం ఉంది. దాని మొదటి కృతి నెమ్మదైనది, చేతులు వణుకుతున్నా నిలబెట్టుకోగలిగినది. హాలు ధ్వనిని ఎలా తిప్పి ఇస్తోందో వినడానికి అది ఒకటిన్నర నిమిషం వ్యవధి ఇస్తుంది.

ట్రాన్స్‌క్రిప్షన్‌ను చాలామంది విద్యార్థులు వేళ్ల విద్యను ప్రదర్శించే సాధనంగా చూస్తారు, తప్పు అక్కడే మొదలవుతుంది. రికార్డింగులు లేని కాలంలో పాటలను, సింఫనీలను వాటిని వినే అవకాశం లేని వారి దగ్గరకు చేర్చినవి ఈ రూపాలే. బీథోవెన్ తొమ్మిది సింఫనీలనూ పియానోకు మార్చిన లిస్ట్, ఒక్క పియానిస్టే సాయంత్రమంతా వాయించే పద్ధతిని 1839లో రోమ్‌లో ప్రయత్నించాడు; 1840లో లండన్ కచేరీల ప్రకటనల్లో వాటికి 'రిసైటల్స్' అనే పేరు వచ్చింది. కాబట్టి ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకోవడం పియానో మీద కాక మూలం దగ్గర మొదలు కావాలి. పాట అయితే దాని అర్థాన్ని మాట మాటకూ తెలుసుకోండి, గొంతు ఎలా ఉన్నా సరే పైకి పాడండి, గాయకులు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో స్వరలిపి మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. పియానోకు ఊపిరి అక్కరలేదు గనుకనే పియానిస్టు ఊపిరి మరచిపోతాడు.

గ్రెట్షెన్ పాటనే దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. షూబెర్ట్ 1814లో రాసిన ఈ పాటను గ్రెట్షెన్ అనే యువతి రాట్నం వడుకుతూ, ప్రియుణ్ణి తలచుకుంటూ పాడుతుంది; ఇందులో పియానో కుడిచేయి రాట్నం తిరుగుడును, ఎడమచేయి రాట్నాన్ని కాలితో తొక్కే చప్పుడును వినిపిస్తాయి. పాడే మనిషి లేని లిస్ట్ రూపంలో రాట్నాన్ని తిప్పుతున్న చేతే పాటను కూడా మోయాలి. మొదట మెలొడీని ఒంటరిగా, అయితే కచేరీలో వాడబోయే వేళ్లతోనే, అంటే ప్రధానంగా ఉంగరపు వేలు, చిటికెన వేళ్లతోనే, వాయించి అది నిండుగా పాడేదాకా ఆగాలి. తరువాత రాట్నాన్ని మాత్రమే, మీటల పైనుంచి వేళ్లు లేవకుండా, వినీ వినబడనంత మెల్లగా తిప్పాలి. రెండింటినీ కలిపేటప్పుడు వేగం సగానికి తగ్గించి, మెలొడీ బరువు చేతి బయటి అంచు మీదికి వాలేలా మణికట్టును కొద్దిగా ఒరగనివ్వాలి. ప్రియుడి ముద్దు తలపుకు వచ్చిన చోట రాట్నం ఆగిపోతుంది. మళ్లీ తిరగడం ఒక్కసారిగా జరగదు. కదిలి ఆగి, కదిలి ఆగి, ఆ తరువాతే గతిలో పడుతుంది. ఈ తడబాటును మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) లెక్కకు అప్పగించకూడదు. ఆ మనిషి ఏ క్షణంలో మళ్లీ పనిలో పడుతుందో మీరే నిర్ణయించుకోవాలి, నిర్ణయించుకున్నాక కూడా ప్రతి కచేరీలో అది కొద్దిగా మారనివ్వాలి.

విడ్మూంగ్‌లో ఇంత చిక్కు లేదు. ఎ ఫ్లాట్ మేజర్‌లో ఉప్పొంగిన పాట మధ్యలో ఇ మేజర్‌లోకి మారేటప్పుడు ఎ ఫ్లాట్ మీటే జి షార్ప్‌గా కొత్త శ్రుతిలో నిలుస్తుంది. ఆ ఒక్క స్వరపు రంగు మార్చగలిగితే తక్కిన దారి దానంతటదే తెరుచుకుంటుంది. లీబెస్టోడ్‌లో అసలు సమస్య ట్రెమొలో, అంటే స్వరాలను అతివేగంగా మళ్లీ మళ్లీ పలికించడం. ఆర్కెస్ట్రాలో తీగవాద్యాల కంపనంగా వినిపించేది పియానో మీద గలగలగా మారే ప్రమాదం ఉంది. మీటను పూర్తిగా పైకి రానివ్వకుండా సగం ఎత్తులోనే తిరిగి నొక్కితే, ఆధునిక గ్రాండ్ పియానో యంత్రాంగం ఆ స్వరాన్ని మళ్లీ పలికిస్తుంది, కంపనం మెత్తబడుతుంది. సింగర్ లేని ఆ స్వరధార ట్రెమొలో అలల మీద ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. ఇక ఈ నమూనాలో చేర్చని, షూబెర్ట్ మరో పాట 'ఎర్ల్‌కోనిగ్'కు లిస్ట్ చేసిన ట్రాన్స్‌క్రిప్షన్ సంగతి. అందులో ఆగకుండా మోగే ఆక్టేవ్‌లు కుడి ముంజేతిని ఎంతగా బిగిస్తాయంటే, దాని వెనువెంటనే బల్లాడ్ వాయించాలనుకోవడం చేజేతులా కష్టం కొనితెచ్చుకోవడమే.

జ్ఞాపకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తొలి కచేరీలో నిద్ర చెడగొట్టేది అదే. వేళ్ల అలవాటు ఒక్కటే ఆధారమైతే అది వేదిక మీద మొదటగా వదిలిపోతుంది. జి మైనర్ బల్లాడ్‌లో ప్రధాన ఇతివృత్తం మూడుసార్లు వస్తుంది: 8వ బార్ (స్వరలిపిలో నిలువు గీతల మధ్య భాగం) చివర జి మైనర్‌లో, 94వ బార్‌లో ఎ మైనర్‌లో, 194వ బార్‌లో మళ్లీ జి మైనర్‌లో. మొదటిసారి అది తీరికగా విస్తరిస్తుంది. రెండో, మూడో రాకల్లో మంద్రంలో ఒకే స్వరం పట్టు వదలకుండా మోగుతుంది. మూడోసారి నేరుగా 208వ బార్‌లోని ఉధృతమైన కోడాలోకి (ముగింపు భాగంలోకి) తోసుకుపోతుంది. ఒకసారి ఇంట్లో స్నేహితుల ముందు మూడో రాక వాయిస్తూ నా చేతులు మొదటి రాక దారి పట్టాయి, కోడా ఎక్కడో వెనక ఉండిపోయింది. ఆనాటి నుంచి ఇటువంటి కూడళ్లను పియానోకు దూరంగా కూర్చుని, మంద్ర స్వరాల పేర్లు పైకి చెబుతూ నేర్చుకుంటున్నాను. ప్రతి కృతిలోనూ ఎక్కడినుంచైనా మొదలుపెట్టగలిగే పది, పన్నెండు మజిలీలు ఏర్పరచుకుని, వాటిని చివరినుంచి మొదటికి వెనకవరుసలో వాయించి చూడాలి. ఇంత చేసినా భయం తగ్గకపోతే స్వరలిపి ఎదుట పెట్టుకోవడంలో నామోషీ లేదు. స్వియతోస్లావ్ రిఖ్టర్ అంతటివాడు తన చివరి సంవత్సరాల్లో చిన్న దీపం వెలుగులో స్వరలిపి చూస్తూ కచేరీలు చేశాడు.

కచేరీకి రెండు నెలల ముందే మొత్తం కార్యక్రమాన్ని, విరామంతో సహా, అదే వరుసలో వాయించడం మొదలుపెట్టాలి. కనీసం నాలుగుసార్లు ఎవరో ఒకరి ముందు, వీలైతే వేర్వేరు పియానోల మీద వాయించాలి. రికార్డింగును మరునాడు వినండి. అదే రాత్రి వింటే తప్పులు తప్ప మరేమీ వినబడవు.

హాలులో మీకు దొరికేది బహుశా 274 సెంటీమీటర్ల కచేరీ గ్రాండ్ కావచ్చు. ఇంటి పియానో మీద సరిపోయిన ఎడమచేయి దానిమీద మెలొడీని మింగేస్తుంది, కనుక మొదట మంద్రాన్ని తగ్గించి, ఆ తరువాత పెడల్ సంగతి చూడండి. తీగల మోతను ఆపే డాంపర్లు వాటిని ఎక్కడ వదులుతున్నాయో పాదానికి తెలిసేదాకా సగం పెడల్ ప్రయత్నించాలి. ఖాళీ హాలు ఎక్కువగా మోగుతుంది. జనం నిండాక ధ్వని పొడిబారుతుంది గనుక రిహార్సల్‌లో పెడల్ కొంచెం తక్కువైనట్టు అనిపించడం మంచిదే. బెంచీ ఎత్తు అప్పుడే సరిచేసుకోండి. శ్రుతి చేసే నిపుణుడు మీ రిహార్సల్ తరువాత, వేదిక దీపాలు వెలుగుతుండగా మరోసారి పియానోను చూసేలా ముందుగానే మాట్లాడుకోవాలి. ఏ మీట అంటుకుంటోందో, ఏ పెడల్ కిర్రుమంటోందో ఆయనకు స్పష్టంగా చెప్పాలి.

కార్యక్రమపత్రంలో ట్రాన్స్‌క్రిప్షన్‌కు మూల స్వరకర్త పేరు, మార్చినవారి పేరు రెండూ ఉండాలి. 'లిస్ట్: విడ్మూంగ్' అని మాత్రమే రాస్తే షూమన్‌కు అన్యాయం చేసినట్టే. పాటల సాహిత్యానికి నాలుగు వాక్యాల సారాంశం జతచేస్తే రాట్నం ఎందుకు ఆగిందో శ్రోతకు అర్థమవుతుంది. ఎంకోర్ (కార్యక్రమం ముగిశాక శ్రోతల కోరికపై వాయించే అదనపు కృతి) ఒక్కటి చాలు, అది మూడు నాలుగు నిమిషాలకు మించకూడదు. షోపాన్ పోలిష్ పాటల్లో లిస్ట్ పియానోకు మార్చిన ఆరింటిలో ఒకటి ఇక్కడ చక్కగా అమరుతుంది.

లీబెస్టోడ్ బి మేజర్‌లో, శాంతంగా ముగుస్తుంది. చివరి స్వరాలు పలికాక వేళ్లు మీటల మీదే ఉంచి, ధ్వని సన్నగిల్లి పూర్తిగా ఆరిపోయేదాకా వినండి, ఆ తరువాతే పాదాన్ని నెమ్మదిగా ఎత్తండి. ఈలోగా వెనక వరుసల్లో ఎవరైనా చప్పట్లు మొదలుపెట్టినా మీరు కదలవద్దు. పెడల్ పైకి వచ్చాక చేతులు ఒడిలోకి తీసుకుని, లేచి నిలబడి, పియానో అంచు మీద ఒక చేయి వేసి నమస్కరించండి.