వాటర్‌లెస్ కూలెంట్‌కి ఎలా మారాలి? పాత నీళ్లు మిగలకుండా చేసే పద్ధతి

కూలెంట్ అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. నీళ్లు కలపని గ్లైకాల్ (చిక్కటి ద్రవం), తుప్పు పట్టనివ్వని రసాయనాలు: వాటర్‌లెస్ కూలెంట్ అంటే ఇంతే. మామూలు కూలెంట్‌లో దాదాపు సగం నీళ్లు ఉంటాయి. ఆ మిశ్రమం మూత తీసి ఉంటే సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత 15 పీఎస్‌ఐ ఒత్తిడి పట్టి ఉంచితే 129 దాకా ఆగుతుంది. నీళ్లు లేని రకం మాత్రం ఏ ఒత్తిడీ లేకుండానే 180 దాటేదాకా మరగదు. సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు పుడితే అక్కడి లోహం నుంచి వేడి లాగే ద్రవం ఉండదు. ఆ బుడగలు రాకపోవడమే దీని అసలు లాభం. తుప్పు, పొలుసు బెడద కూడా బాగా తగ్గుతుంది.

దీనికి లోటూ ఉంది. ఒక కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్లు తీసుకుంటే గ్లైకాల్ సుమారు 2.5 మాత్రమే తీసుకుంటుంది, పైగా చిక్కగా ఉంటుంది. అందుకే మారాక ఇంజిన్ కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడితో నడుస్తుంది. రేడియేటర్ పూడుకుపోయినా, ఫ్యాన్ తిరగకపోయినా ఇది మందు కాదు. వారంటీలో ఉన్న కారుకి, ఏ ఇబ్బందీ లేకుండా రోజూ తిరిగే కారుకి మా సలహా: వద్దు. నెలల తరబడి షెడ్డులో ఉండే పాత బండ్లకి ఇది నిజంగా పనికొస్తుంది.

లెక్క ముందు చూసుకోండి

మారాక మొత్తం ద్రవంలో నీళ్లు 3 శాతం దాటకూడదు. 6 లీటర్లు పట్టే కారులో అంటే 180 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుడు. రేడియేటర్ ఖాళీ చేసినా ఇంజిన్ బ్లాకులో, హీటర్ కోర్‌లో (క్యాబిన్ హీటర్‌లోని చిన్న రేడియేటర్) ఒక లీటరు పాత కూలెంట్ ఉండిపోయిందనుకోండి. అందులో అర లీటరు నీళ్లే. నేరుగా కొత్తది పోస్తే 8 శాతం పైనే తేలుతుంది. మధ్యలో నీళ్లను తనలో కలుపుకొనే ప్రెప్ ఫ్లూయిడ్ ఒకసారి తిప్పి తీసేస్తే అది 1.4 శాతానికి దిగుతుంది. అదే 2 లీటర్లు మిగిలితే ప్రెప్ ఫ్లూయిడ్ వాడినా 5.6 శాతం దగ్గర ఆగుతుంది. కాబట్టి ఖాళీ చేయడంలోనే పనంతా ఉంది.

ఖాళీ చేయడం

1. ముందు లీకులు చూడండి. మెత్తబడిన హోస్ పైపులు, వదులు క్లిప్పులు, రబ్బరు గట్టిపడిన మూత మార్చేయండి. లోపల తుప్పు బురద ఉంటే మామూలు ఫ్లష్ (లోపల కడగడం) ఇప్పుడే చేయించాలి.

2. ఇంజిన్ పూర్తిగా చల్లారాక హీటర్ నాబ్ ఫుల్ హాట్‌లో పెట్టి మూత తీయండి. రేడియేటర్ కింది ప్లగ్ గానీ కింది హోస్ గానీ విప్పండి. బ్లాకుకి డ్రెయిన్ ప్లగ్ ఉంటే తప్పక విప్పండి. చాలామంది వదిలేసేది దీన్నే, లెక్క తప్పేదీ ఇక్కడే.

3. రిజర్వాయర్ ఊడదీసి కడిగి పూర్తిగా ఆరబెట్టండి. హీటర్ హోసుల్లోంచి తక్కువ ఒత్తిడి గాలి ఊది మిగిలింది బయటికి తోయండి. టైర్లకి కొట్టే కంప్రెసర్‌ని నేరుగా పెడితే హీటర్ కోర్ పగలవచ్చు.

4. వచ్చిన పాత కూలెంట్‌ని కొలిచి మాన్యువల్‌లోని కొలతతో పోల్చండి. లోపల ఎంత మిగిలిందో ఆ తేడాయే చెబుతుంది.

ప్రెప్ ఫ్లూయిడ్, తర్వాత అసలు కూలెంట్

5. ప్లగ్గులు బిగించి ప్రెప్ ఫ్లూయిడ్ నింపండి. ఇంజిన్ ఆన్ చేసి, థర్మోస్టాట్ (వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) తెరుచుకుని పై హోస్ వేడెక్కాక మరో 10–15 నిమిషాలు నడపండి. చల్లారాక మళ్లీ అంతా దించేయండి.

6. కొత్త కూలెంట్ నెమ్మదిగా పోయండి. చిక్కగా ఉంటుంది కాబట్టి తొందరపడితే ఎయిర్ లాక్ అవుతుంది, అంటే లోపల గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే బుడగలు ఆగేదాకా తెరిచి ఉంచండి. వేడికి బాగా వ్యాకోచిస్తుంది, అందుకని చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్‌లో మినిమం గీత కంటే కొంచెం పైన ఆపేయండి.

7. ఒక రౌండ్ తిప్పి, చల్లారాక నమూనా తీసి నీటి శాతం చూడండి. కూలెంట్ తయారీదారు ఇచ్చే స్ట్రిప్స్ గానీ, వాళ్ల పట్టికతో రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపును బట్టి గాఢత చూపే పరికరం) గానీ వాడాలి. సాంద్రతను బట్టి చూపే మామూలు కూలెంట్ హైడ్రోమీటర్ ఇక్కడ తప్పు చూపిస్తుంది. 3 శాతం దాటితే కొంత తీసి కొత్తది పోయండి.

గ్లైకాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో మిగిలిన డబ్బా మూత వదులుగా పెట్టకండి.

మారాక జాగ్రత్తలు

మామూలు బండి వేడెక్కితే ఆవిరి చిమ్మి హెచ్చరిస్తుంది. ఇది మరగదు కాబట్టి ఆ హెచ్చరిక రాదు. కానీ హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య సీలు), ఇంజిన్ ఆయిల్ మాత్రం వేడికి దెబ్బతింటాయి. రామగుండం ఎండలో ఏసీ వేసుకుని వెళ్తున్నా, ఘాట్ ఎక్కుతున్నా సరే, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకి చేరితే బండి ఆపాల్సిందే. వేడి ఎగ్జాస్ట్ మీద కారితే గ్లైకాల్ అంటుకుంటుంది, చిన్న లీకునైనా వెంటనే బాగుచేయించండి.

దించిన కూలెంట్ తియ్యగా ఉంటుంది. ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నదైతే కుక్కలకీ పిల్లలకీ విషం. కాలువలో పారబోయకుండా డబ్బాలో మూసి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపును అడిగి ఇవ్వండి.

సర్వీసుకి ఇచ్చినప్పుడు లెవెల్ తక్కువ కనిపిస్తే మగ్గుతో నీళ్లు పోసే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఒక్క మగ్గుతో పనంతా మళ్లీ మొదటికొస్తుంది. రేడియేటర్ మూత మీద, రిజర్వాయర్ మీద ‘నీళ్లు పోయకండి’ అని స్టిక్కర్ అంటించండి. డిక్కీలో అదే కూలెంట్ ఒక లీటరు ఉంచుకోండి. దారిలో హోస్ పగిలి నీళ్లు పోయక తప్పకపోతే పోసి ఇంటికి చేరండి, తర్వాత రెండో మెట్టు నుంచి మళ్లీ చేయండి.