ఎఫ్‌ఐ బండి స్టార్ట్ కాకపోతే: ముందు చెవి, తర్వాత మల్టీమీటర్, ఆఖరున పానా

2020 ఏప్రిల్ 1న బీఎస్‌-6 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్తగా రోడ్డెక్కిన టూవీలర్లలో చాలావాటికి కార్బురేటర్ లేదు. ట్యాంకులో పంపు, ఇంజిన్ దగ్గర పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, వాటిని నడిపే చిన్న కంప్యూటర్ ఈసీయూ వచ్చాయి. ఈ పద్ధతే ఫ్యూయల్ ఇంజెక్షన్, పొట్టిగా ఎఫ్‌ఐ. బండి మారినా మన అలవాటు మారలేదు. మొరాయిస్తే ఇప్పటికీ ముందు ప్లగ్గు విప్పుతాం, యాక్సిలరేటర్ నాలుగుసార్లు తిప్పుతాం. ఎఫ్‌ఐ బండిలో పెట్రోల్ పంపడం, ఎంత పంపాలో లెక్కకట్టడం, నిప్పురవ్వ పుట్టించడం అన్నీ బ్యాటరీ కరెంటుతోనే జరుగుతాయి. అందుకే వెతుకులాట అక్కడ మొదలవ్వాలి.

తాళం తిప్పి, కిల్ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసి, సెల్ఫ్ నొక్కకుండా ఆగండి. ట్యాంకు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు 'జుయ్‌' మని పంపు మోగి ఆగిపోవాలి. మీటర్‌లో ఇంజిన్ బొమ్మ లైటు వెలగాలి. కొన్ని బళ్లలో అది కాసేపటికి ఆరుతుంది, మరికొన్నిట్లో ఇంజిన్ స్టార్టయ్యాకే ఆరుతుంది.

మీటరే వెలగకపోతే మెయిన్ ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. ఫ్యూజు పోయి ఉంటే అదే ఆంపియర్‌ది వేయాలి, తీగముక్కో సిగరెట్ రేకో చుట్టకూడదు. కొత్తదీ వెంటనే పోయిందంటే ఎక్కడో వైరు షార్ట్ అవుతోంది. ఎలుక కొరికిన చోటు, బయట బిగించుకున్న హారన్, ఫాగ్ లైట్ల జాయింట్లు ముందు వెతకండి.

మీటర్ వెలిగి సెల్ఫ్ మాత్రం తిరగకపోతే న్యూట్రల్ లైటు ఉందా, స్టాండ్ తీశారా, క్లచ్ పూర్తిగా నొక్కారా చూడండి. వర్షంలో సైడ్ స్టాండ్ స్విచ్‌లో బురద చేరి, స్టాండ్ తీసినా తీయనట్టే చూపిస్తుంది. సెల్ఫ్ నొక్కితే 'టిక్ టిక్ టిక్' అని మాత్రమే వినిపిస్తే అది దాదాపు ఎప్పుడూ బ్యాటరీ నీరసమే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. లైటు వెలుగుతోంది, హారన్ మోగుతోంది, కాబట్టి బ్యాటరీ బాగుందనుకుంటారు. మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి టెర్మినళ్లకు ఆనించండి. తాళం ఆఫ్‌లో ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. అసలు పరీక్ష సెల్ఫ్ నొక్కినప్పుడు. ఊరికే ఉన్నప్పుడు 12.5 చూపించిన బ్యాటరీ కూడా సెల్ఫ్ నొక్కగానే 10 కంటే కిందికి పడిపోవచ్చు. మోటారు కాస్త తిరిగినా, అంత తక్కువ వోల్టేజీలో ఈసీయూ సరిగా పనిచేయకపోవచ్చు. కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినళ్ల బోల్టులు బిగించి, పట్టిన తెల్లటి, పచ్చటి చిలుము వంటసోడా నీళ్లతో కడిగి ఆరబెట్టి మళ్లీ కొలవండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్.

బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా లాభం ఉండదు, పంపే తిరగదు. మీటర్ వెలిగేంత ప్రాణం ఉంటే పంపు మోత పూర్తయ్యాక రెండో గేర్‌లో తోసి చూడొచ్చు.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ బండి అందుకోకపోతే పంపు మోతను బట్టి దారి రెండుగా చీలుతుంది. మోత లేకపోతే పంపు ఫ్యూజు, దానికి కరెంటు కలిపే రిలే, కనెక్టర్ చూడాలి. బండి కింద పడి ఉంటే వాలు సెన్సార్ ఇంజిన్‌ని ఆపేస్తుంది. నిలబెట్టి తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది. ట్యాంకు అడుగున అరచేత్తో మెల్లగా తట్టినప్పుడు పంపు కదిలిందంటే దానికి రోజులు దగ్గరపడ్డాయి. పంపుని చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి రోజూ రిజర్వ్‌లో నడిపే బళ్లకు ఈ జబ్బు త్వరగా వస్తుంది.

మోత ఉంటే పెట్రోల్‌ని అనుమానించండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లోకి నీళ్లు ఎక్కువగా చేరితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. పంపు పీల్చేదీ అడుగునుంచే. ట్యాంకు అడుగునుంచి కొంచెం తీసి గాజు సీసాలో పావుగంట కదపకుండా ఉంచితే కింద వేరే పొర కనిపిస్తుంది. అయితే పాత బళ్లలోలా పైపు చటుక్కున పీకొద్దు. చాలా బళ్లలో ఆ పైపులో 3 బార్ దగ్గర ఒత్తిడి ఉంటుంది, వేడి ఇంజిన్ మీద చిమ్మితే మంటే. ఇంజిన్ చల్లారాక, పంపు ఫ్యూజు తీసి, సెల్ఫ్ రెండుసార్లు కొట్టి, గుడ్డ చుట్టి అప్పుడు విప్పాలి.

తర్వాత ఇంజెక్టర్. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టి, పక్కవాళ్లని సెల్ఫ్ నొక్కమనండి. సన్నగా 'టక్ టక్' వినిపించాలి. రవ్వ చూడాలంటే ముందు ఇంజెక్టర్ కనెక్టర్ పీకేయండి. లేదంటే విప్పిన ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి రవ్వ మీదికే వస్తుంది. ప్లగ్గు ఇంజిన్ లోహానికి గట్టిగా ఆని ఉండాలి, గాల్లో ఉంచి కొడితే రవ్వకి కరెంటిచ్చే కాయిల్ పాడవ్వచ్చు. టక్ టక్, రవ్వ రెండూ ఒకేసారి లేవంటే, ఇంజిన్ తిరుగుతున్న సంగతి ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం పెంచుకోండి. ప్లగ్గు పెట్రోల్‌తో తడిసి ఉంటే ఆరబెట్టి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. చాలా ఈసీయూలు అప్పుడు పెట్రోల్ ఆపేసి గాలి మాత్రమే పంపుతాయి. సెల్ఫ్ ఒకేసారి అయిదు సెకన్లు దాటొద్దు, మధ్యలో పది సెకన్లు ఆగాలి.

ఇంజిన్ లైటు మినుకుతుంటే లెక్కపెట్టండి. హోండా బళ్లలో పొడవు మినుకు పది, పొట్టి మినుకు ఒకటి. ఏడు పొట్టివైతే ఇంజిన్ వేడి కొలిచే సెన్సార్ వైపు, ఒక పొడవు రెండు పొట్టివైతే ఇంజెక్టర్ వైపు చూడాలి. మిగతా కంపెనీల కోడ్లు వేరు, మాన్యువల్ చూసుకోండి. కోడ్ రాగానే సెన్సార్ కొనేయొద్దు. ముందు దాని కనెక్టర్ విప్పి పిన్నుల తడి, పచ్చ చిలుము తుడిచి 'టక్' మనేదాకా నొక్కండి. వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు వచ్చే తంటాలు చాలావరకు అక్కడే తీరతాయి.

ఇన్నీ చూశాక షెడ్డుకి తీసుకెళ్లాల్సి వస్తే పంపు మోగిందా లేదా, సెల్ఫ్ నొక్కినప్పుడు ఎన్ని వోల్టులు, లైటు ఎన్నిసార్లు మినుకింది అన్నవి ఫోన్‌లో రాసుకుని మెకానిక్‌కి చూపించండి.