నడవనంటున్న పిల్లాడు: జీబీఎస్‌ను గుర్తుపట్టడం

"నిన్నటి సంది నిలబడతలేడు సార్, కాళ్లు గుంజుతున్నయంటడు." మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చిన తల్లి ఇలా అంటుంటే, వెంట వచ్చిన తాత ఫ్లోరైడ్ నీళ్లే కారణమని తేల్చేస్తాడు. ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఎముకల్ని పట్టే జబ్బు. రెండు మూడు రోజుల్లో కాళ్లు వాలిపోతే నరాలు చూడాలి, జీబీఎస్ (గిలాన్-బారే సిండ్రోమ్, తరచూ ఏదో ఇన్ఫెక్షన్ తర్వాత ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు) కావచ్చు. నల్లగొండలో పిల్లల డాక్టర్‌గా, కొత్తగా డ్యూటీకొచ్చే వాళ్లకు నేను చెప్పేది ఇదే.

గత నాలుగు వారాల్లో విరేచనాలో, జలుబో వచ్చాయా అని అడగండి. పిల్లల్లో చాలాసార్లు ముందు కనిపించేది నొప్పే. చిన్నవాళ్లు చెప్పలేక ఎత్తుకోమని ఏడుస్తారు. బడి ఎగ్గొట్టే నాటకమని కొట్టిపారేయకండి.

ఇక రిఫ్లెక్స్ (తట్టగానే కాలు తనంతట తాను ఎగరడం) చూసే సుత్తి తీయండి. బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి కాళ్లు వేలాడనివ్వండి. ఏడుపు ఆగేదాకా ఆగండి, బిగబట్టిన కాల్లో రిఫ్లెక్స్ దొరకదు. పెద్దపిల్లలైతే రెండు చేతుల వేళ్లు కొక్కెంలా పట్టుకుని లాగమని చెప్పి, అప్పుడే మోకాలి కింద కొట్టండి. మడమ దగ్గరా చూడండి. రెండు కాళ్లూ ఇంచుమించు ఒకేలా బలహీనమై, రిఫ్లెక్స్ పోతే జీబీఎస్ అనే అనుకోండి. మొదటిరోజు ఉన్న రిఫ్లెక్స్ తర్వాత పోవచ్చు, మళ్లీ చూడండి.

మూత్రం ఆగినా, నడుము కింద స్పర్శ పోయినా జబ్బు వెన్నుపాములో ఉండొచ్చు, ఎమ్మారై తీయించండి. రక్తంలో పొటాషియం ఎంతుందో చూడటం తప్పనిసరి. నేల మీద పడుకున్న పిల్లాడు లేచేసరికి రెప్పలు వాలిపోతే కట్లపాము కరిచి ఉండొచ్చు, గాటు కనబడకపోయినా సరే.

వెన్ను నీటిలో ప్రోటీన్ పెరిగి కణాలు పెరగకపోవడం జీబీఎస్ లక్షణం. కానీ మొదటి వారంలో ఆ రిపోర్టూ, నరాల పరీక్షా నార్మల్ రావచ్చు. నార్మల్ అని ఇంటికి పంపొద్దు.

అసలు టెన్షన్ ఊపిరి గురించే. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించండి, కొన్ని గంటలకోసారి. అంకెలు తగ్గినా, నీళ్లు తాగితే పొలమారినా వెంటిలేటర్ ఉన్నచోటికి, అంబు బ్యాగ్‌తో (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) మనిషిని తోడిచ్చి పంపండి. ఆక్సిజన్ 98 ఉందని ఆగొద్దు, అది ఆఖర్న పడుతుంది. అక్కడ ఇచ్చేది ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు), మొత్తం కిలోకు 2 గ్రాములు. స్టెరాయిడ్లు పనిచేయవు.

15 ఏళ్లలోపు పిల్లలకు కాళ్లు ఇలా హఠాత్తుగా పడిపోతే, జీబీఎస్ అని ఖాయమైనా, పోలియో నిఘాకు వెంటనే తెలపాలి. కాళ్లు పడిపోయిన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండు మలం శాంపిళ్లు ఐస్‌లో వెళ్లాలి. 2014లో దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చినా ఈ పని ఆగలేదు.